వరద బాధితులకి వండిన అన్నం పంపాలా, సరుకులా?

మీ అపార్ట్‌మెంట్ వాళ్ళంతా కలిసి వరద ఊరికి ఏదోటి పంపుదామనుకుంటున్నాం, వండినవా సరుకులా అని అడిగారు కదా, నీళ్ళు ఇంకా ఉన్నాయా తీసేశాయా అన్నదాన్ని బట్టి ఉంటుందండి.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ మీద పడ్డప్పుడు మేం ఓ పదిమందిమి అక్కడి సింగ్ నగర్ వెళ్ళాం. మొదటిరోజు సాంబారన్నం వేడిమీదే కవర్లలో కట్టేశాం, పడవ దొరికి లోపలికి వెళ్ళేసరికి సాయంత్రమైంది, విప్పి చూస్తే జిగురొచ్చి పులిసిన వాసన, ఆకలితో ఉన్నవాళ్ళ కళ్ళముందే పక్కన పెట్టేయాల్సొచ్చింది, ఇప్పటికీ తల్చుకుంటే బాధేస్తుంది. మర్నాటి నుంచి పులిహోర బాగా ఆరబెట్టి కట్టాం, చపాతీలు, అరటిపళ్ళు, బిస్కెట్లు కూడా. అన్నిటికంటే ముందు మంచినీళ్ళు. ఒకావిడ మేడమీంచి చీరకి బకెట్ కట్టి దించి, అన్నం సంగతి తర్వాత, ముందు రెండు నీళ్ళ బాటిళ్ళు పెట్టు నాయనా, మా ఆయన మాత్రలేసుకోవాలి అంది.

ఇంకోటి, ఫ్లైఓవర్ దగ్గర పొట్లాలు గుట్టలుగా ఉండేవి, చివరి సందుల్లో ఒక్కటి కూడా ఉండేది కాదు. పడవలు పోలేని చోటికి ప్రభుత్వం డ్రోన్లతో కూడా పంపింది. కాబట్టి దయచేసి మెయిన్ రోడ్డు మీద దించేసి వచ్చేయకండి, ఆ వీధి కుర్రాళ్ళని ఇద్దర్ని వెంటబెట్టుకుని లోపలికి పొండి, నడవలేని ముసలోళ్ళు ఏ ఇంట్లో ఉన్నారో వాళ్ళకే తెలుస్తుంది.

నీళ్ళు తీశాక సంగతి వేరు. ప్రభుత్వం ఇంటికి 25 కేజీల బియ్యం, కందిపప్పు, పంచదార, నూనె, ఉల్లిపాయలు, బంగాళదుంపలు ఇచ్చింది, మంచిదే, కానీ ఒకింట్లో చూస్తే బియ్యం మూట మంచం మీదుంది, పొయ్యి బర్నర్ల నిండా బురద, గిన్నెలు సగం కొట్టుకుపోయాయి, ఏం పెట్టి వండుకుంటారు చెప్పండి. అందరూ బియ్యమే తెస్తున్నారని మేం స్టవ్‌లు బాగుచేసే అతన్ని తీసుకెళ్ళి వీధి వీధీ తిప్పాం, కుక్కర్లు, గిన్నెలు, ఉప్పు కారం చింతపండు ఇచ్చాం. ఆటో నీళ్ళలో మునిగినవాళ్ళకి, ఇళ్ళలో పనిచేసుకునేవాళ్ళకి నెలరోజులు చేతిలో రూపాయి ఆడలేదు, అప్పటికి సాయం చేసేవాళ్ళంతా వెళ్ళిపోయారు. అందుకే మీ డబ్బు మొత్తం మొదటి వారమే ఖర్చుపెట్టకండి, సగమన్నా ఆపి రెండోసారి వెళ్ళండి.

మీరు వెళ్ళేది ఏ ఊరో, నీళ్ళు ఎంతవరకు తీశాయో చెప్పండి, దానికి తగ్గట్టు లిస్టు రాసిస్తాను.