ఆర్డర్ చేసిన భోజనం విమానం ఎక్కలేదు: పరిహారం వస్తుందా?

ప్రశ్న: మాది గుంటూరు. మా నాన్నగారికి 68 ఏళ్లు, షుగర్‌కి ఇన్సులిన్ మీద ఉన్నారు. ఇరవై రెండు నెలల క్రితం గన్నవరం నుంచి ఢిల్లీకి వెళ్లాం. టికెట్లు నేనే యాప్‌లో తీశాను, నాన్నకి డయాబెటిక్ మీల్ కూడా డబ్బు కట్టి ఆర్డర్ పెట్టాను. తర్వాత ఉదయం ఫ్లైట్ మధ్యాహ్నానికి మారింది. విమానంలో ట్రాలీ రెండు వరసల ముందుకి రాగానే భోజనం వచ్చేస్తోందని నాన్న ఇన్సులిన్ వేసుకున్నారు. తీరా ఎయిర్‌హోస్టెస్ చేతిలో ట్యాబ్ చూసి "ఈ సీటుకి ఆర్డర్ లేదు సార్" అంది. కప్ నూడుల్స్, జీడిపప్పు డబ్బాలు తప్ప అమ్మడానికి ఏమీ లేవంది. మైదా తిననని నాన్న వద్దన్నారు. ముప్పావుగంటకి ఆయనకి ఒళ్లంతా చెమటలు పట్టి మాట తడబడింది. అప్పుడు జ్యూస్ ఇచ్చారు. దిగాక ఎయిర్‌పోర్టు డాక్టరు చూసి పంపించారు. ఎన్ని మెయిళ్లు పెట్టినా చివరికి "మీల్ సర్వ్ చేయలేకపోయాం, క్షమించండి" అని 400 రూపాయలు వెనక్కి వేసి అవమానించారు. ఇప్పుడు 2,000 వోచర్ ఇస్తాం, సంతకం పెట్టండి అంటున్నారు. వంద రూపాయల ఇడ్లీ ఆర్డర్ తప్పినా స్విగ్గీ వాళ్లు నిమిషాల్లో జవాబు చెబుతారు. వీళ్లకి ఆ మాత్రం బాధ్యత లేదా? 10 లక్షలకు కేసు వేద్దామనుకుంటున్నాం. మా బంధువొకాయన, తెలిసిన నర్సింగ్ హోమ్‌లో ఆ తేదీకి నాన్న ఒకరోజు అడ్మిట్ అయినట్టు కాగితం తెప్పిస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?
ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ ఉత్తరంలో సగానికి పైగా నాన్నగారి అవస్థే ఉంది. కేసు తేలేది అక్కడ కాదు. "ఉదయం ఫ్లైట్ మధ్యాహ్నానికి మారింది" అని ఒక్క ముక్క రాసి ముందుకి వెళ్లిపోయారు. ఎవరు మార్చారు? కంపెనీ తన వేళలు మార్చుకుని మిమ్మల్ని వేరే ఫ్లైట్‌లో వేసిందా? మీ వీలు కోసం మీరే యాప్‌లో మార్చుకున్నారా? మీరు నెగ్గడమైనా వీగిపోవడమైనా ఈ జవాబు మీదే ఉంది.

ఎందుకంటారా? ఒకప్పుడు విమానం టికెట్ కొంటే ట్రే దానంతట అదే వచ్చేది. అడిగినా అడక్కపోయినా అందరికీ ఒకటే, కాబట్టి "నేను భోజనం కొన్నాను" అని ఎవరూ రుజువు చేయాల్సిన అవసరం ఉండేది కాదు. 2003లో ఎయిర్ డెక్కన్ వచ్చి భోజనం లేని చవక టికెట్ అలవాటు చేసింది. ఆ తర్వాత వచ్చిన చవక సంస్థలన్నీ అదే దారి పట్టాయి. ఫోన్లో వేలు పెట్టి కావలసింది తెప్పించుకునే అలవాటు మనకి ముదిరాక, ఎవరికి ఏం కావాలో ముందే ఆర్డర్ తీసుకుని అంతే ఎక్కించడం సంస్థలకీ లాభసాటిగా కనిపించింది: పారేసే తిండి తగ్గుతుంది, బరువూ తగ్గుతుంది. సీటు, భోజనం లాంటివి టికెట్ నుంచి విడదీసి అమ్ముకోవచ్చని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024లో ఇచ్చిన సర్క్యులర్ కూడా చెబుతోంది. కాకపోతే ప్రయాణికుడు కోరుకుంటేనే అమ్మాలి, అంటగట్టకూడదు. దీని చట్టపరమైన ఫలితం చాలామందికి తట్టదు. దేశీయ చవక విమానంలో మీకు భోజనం పెట్టే బాధ్యత టికెట్ వల్ల రాదు. మీరు విడిగా కొన్న ఆ ఒక్క లైను వల్లే వస్తుంది. ఆ లైను చూపించలేకపోతే మీకూ, ఏమీ ఆర్డర్ చేయని పక్క సీటాయనకీ చట్టం దృష్టిలో తేడా ఉండదు.

స్విగ్గీతో పోల్చారు. ఆ పోలికే మిమ్మల్ని తప్పుదారి పట్టించింది. హోటల్లో ఇడ్లీ అయిపోతే ఇంకో హోటల్ ఉంటుంది. విమానం తిండి బయల్దేరడానికి గంటల ముందే నేలమీద వంటశాలలో తయారై, ఫ్లైట్ నంబరు వారీ లెక్కతో ఎక్కుతుంది. ఎక్కనిది పైన పుట్టదు. కొన్ని చవక విమానాల్లో ఒవెన్ కూడా ఉండదు, వేడినీళ్లే. ఇంకొకటి చెబుతాను, మీ కేసుకి ఇది ముఖ్యం. డయాబెటిక్ మీల్‌కి విమానయానంలో డీబీఎంఎల్ అనే నాలుగక్షరాల కోడ్ ఉంది. ఆ కోడ్ నాన్నగారి పేరు పక్కన కనిపించినా, అది అతుక్కుని ఉండేది ఆ తేదీ, ఆ ఫ్లైట్ నంబరుకి. ఫ్లైట్ మారితే ఆ కోరికను కొత్త నంబరు మీద మళ్లీ నమోదు చేయాలి. మీ భోజనం తప్పిపోయింది బహుశా ఆ మార్పిడిలోనే. అందుకే, ఎవరు మార్చారు అని అడుగుతున్నాను.

కంపెనీయే మార్చి ఉంటే, మీరు డబ్బు కట్టి కొన్న సేవని కొత్త ఫ్లైట్‌కి తీసుకెళ్లడమో, కుదరదని ముందే స్పష్టంగా చెప్పడమో దాని పని. రెండూ చేయలేదంటే సేవాలోపం అనడానికి గట్టి ఆధారం ఉంది. మీరే మార్చుకుని ఉంటే, మార్చే ముందు తెరమీద "అదనపు సేవలు మళ్లీ ఎంచుకోండి" అన్న హెచ్చరిక వచ్చిందా, మీరు చదవకుండా ఓకే నొక్కారా అన్నది మొదటి ప్రశ్న అవుతుంది. అప్పుడు మీకు మిగిలేది, ఇవ్వని భోజనానికి అంతకాలం డబ్బు ఉంచుకున్నారన్న చిన్న వాదన. దానికి వినియోగదారుల కమిషన్ మెట్లెక్కే కంటే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో రాజీ చేసుకోవడం మేలు.

ఇప్పుడు సాక్ష్యం సంగతి. మీరు అవమానం అనుకుంటున్న ఆ 400 రూపాయల రీఫండ్ మెయిలే మీ చేతిలో ఉన్న అన్నింటికన్నా విలువైన కాగితం. భోజనం కొన్నారని, అది ఇవ్వలేదని కంపెనీ తన నోటితో ఒప్పుకుంది. దాన్ని ఫార్వర్డ్ చేసి ఊరుకోకుండా, వచ్చిన మెయిల్‌ని వచ్చినట్టే ఉంచి, పూర్తి హెడర్‌తో ప్రింట్ తీయండి. దానితో పాటు మొదటి బుకింగ్ మెయిల్, ఫ్లైట్ మారాక వచ్చిన రెండో బుకింగ్ మెయిల్, ఆ మధ్య వచ్చిన ఎస్సెమ్మెస్‌లు, కార్డు స్టేట్‌మెంట్, భోజనం డబ్బు విడిగా చూపించే ట్యాక్స్ ఇన్వాయిస్ ఉంటే అదీ. రెండో మెయిల్లో భోజనం లైను ఉందా లేదా అన్నది ముందు చూడండి. ఉంటే, సీటుకి ఆర్డర్ లేదన్న ఆ అమ్మాయి మాటకి అక్కడే జవాబు దొరికినట్టు. యాప్ అని రాశారు, ఎవరి యాప్? విమాన సంస్థదా, ట్రావెల్ పోర్టల్‌దా? పోర్టల్‌దైతే ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాలి. లేకపోతే ఒకరి మీద ఒకరు నెట్టుకుంటారు, మధ్యలో మీరు నలుగుతారు.

ఫోన్లోని మెయిళ్లు, స్క్రీన్‌షాట్లు దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ (పాత ఎవిడెన్స్ చట్టం స్థానంలో వచ్చినది) 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతపరచండి. అందులో రెండు భాగాలుంటాయి: ఒకటి మీరు పూర్తిచేసేది, రెండోది నిపుణుడు పూర్తిచేసేది. వినియోగదారుల కమిషన్లు కోర్టులంత పట్టుబట్టకపోవచ్చు. అయినా ఎదుటి వకీలుకి ఆ సందు ఇవ్వడం దేనికి?

మీ చేతికి రానిది, కంపెనీ కంప్యూటర్లో ఉన్నది ఒకటుంది: పీఎన్ఆర్ హిస్టరీ. ఆ బుకింగ్‌లో ఏ మార్పు, ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎవరి వైపు నుంచి జరిగిందో అందులో వరసగా ఉంటుంది. దాన్నీ, నాన్నగారి అస్వస్థత గురించి సిబ్బంది రాసిన రిపోర్టునీ చెరపకుండా భద్రపరచమని ఈ రోజే మెయిల్ పెట్టండి. ఫిర్యాదు వేశాక, వినియోగదారుల రక్షణ చట్టం 38(9) కింద అవి దాఖలు చేయించమని దరఖాస్తు పెట్టవచ్చు. పత్రాలు తెప్పించే విషయంలో కమిషన్‌కి సివిల్ కోర్టు అధికారాలే ఉన్నాయి. ఎయిర్‌పోర్టు డాక్టరు రాసిచ్చిన చీటీ గురించి మీరు ఒక్క ముక్కైనా రాయలేదు. పారేశారా? ఉంటే వెతకండి, లేకపోతే అక్కడి మెడికల్ రూమ్‌కి తేదీ, ఫ్లైట్ నంబరు రాసి నకలు అడగండి.

ఇక మీ బంధువుగారి నర్సింగ్ హోమ్ కాగితం. దాన్ని ముట్టుకోకండి, ఆ మాట ఇంకెక్కడా అనకండి. వినియోగదారుల కమిషన్ విచారణ చట్టప్రకారం న్యాయ విచారణే. అందులో దొంగ పత్రం పెడితే తప్పుడు సాక్ష్యం కల్పించిన నేరం, ఏడేళ్ల దాకా శిక్ష. నేరం సంగతి అలా ఉంచినా, ఆ తేదీన నాన్నగారు గన్నవరంలో విమానం ఎక్కి ఢిల్లీలో దిగినట్టు మీ బోర్డింగ్ పాసే చెబుతుంది. అదే రోజు ఆయన మన ఊరి నర్సింగ్ హోమ్‌లో పడుకున్నట్టు కాగితం పెడితే, ఎదుటివాళ్లకి వాదించే శ్రమ కూడా ఉండదు. నిజమైన 400 రూపాయల మెయిల్ విలువ కూడా దాంతో పోతుంది.

కటువుగా ఉన్నా ఇది కూడా వినండి. ఇన్సులిన్ మీద ఉన్న మనిషిని రెండున్నర గంటల ప్రయాణానికి చేతిసంచిలో ఒక బిస్కెట్ ప్యాకెట్, నాలుగు చక్కెర బిళ్లలు లేకుండా ఎక్కించారా? భోజనం ఒళ్లోకి రాకముందే సూది వేసుకున్నారు. తిండి లేదని తెలిశాక నూడుల్స్ వద్దన్నారు. ఇన్సులిన్ ఒంట్లోకి వెళ్లాక మైదా అని చూసుకునే సమయమా అది? కంపెనీ వకీలు సరిగ్గా ఇవే అడుగుతాడు. విమాన రవాణా చట్టం, 1972 మూడో షెడ్యూల్లో ప్రయాణికుడి నిర్లక్ష్యం మేరకు పరిహారం తగ్గించే నిబంధన ఉంది, దేశీయ ప్రయాణాలకి కూడా ఆ షెడ్యూల్‌ని 2014 నుంచి వర్తింపజేశారు. అందుకే 10 లక్షల మాట వదిలేయండి. చికిత్స ఖర్చు లేదు, ఆసుపత్రి లేదు, ఎయిర్‌పోర్టు డాక్టరు చూసి పంపించేశారు. అంకె పెంచితే డబ్బు పెరగదు, మీ మాట మీద నమ్మకం తగ్గుతుంది. భోజనం ఖరీదుకి వడ్డీ, మానసిక వేదనకి 50,000 నుంచి లక్ష లోపు, ఖర్చులు వేరే. అంతటితో ఆగండి. నాన్నగారి శారీరక హాని గురించి ఉన్నది ఉన్నట్టు రాయండి, నూడుల్స్ వద్దన్న సంగతి దాచకండి. మీరే ముందు చెబితే అది మీ నిజాయితీ అవుతుంది, వాళ్లు బయటపెడితే అబద్ధమవుతుంది.

అన్నిటికంటే భయపెట్టేది మీ ఇరవై రెండు నెలలు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 లోని 69వ సెక్షన్ ప్రకారం కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలో ఫిర్యాదు వేయాలి. మీరు లెక్క పెట్టాల్సింది చివరి మెయిల్ నుంచి కాదు, ప్రయాణం జరిగిన రోజు నుంచి. మెయిళ్లు, రిమైండర్లు, ఎయిర్‌సేవా (విమానయాన శాఖ ఫిర్యాదుల పోర్టల్) ఫిర్యాదు, వోచర్ బేరం, ఇవేవీ గడువుని ఒక్క రోజు కూడా పెంచవు. ఎదుటివాళ్లు అడగకపోయినా గడువు దాటిందా లేదా కమిషన్ తనంతట తానే చూడాలని సుప్రీంకోర్టు 2009లో స్టేట్ బ్యాంక్ వర్సెస్ బి.ఎస్. అగ్రికల్చరల్ ఇండస్ట్రీస్ కేసులో చెప్పింది. తగిన కారణం చూపితే ఆలస్యం మన్నించే వీలు 69లో ఉంది, నిజమే. కానీ విమాన రవాణా చట్టం మూడో షెడ్యూల్ 35వ నిబంధన ఇంకా కఠినం: గమ్యం చేరిన నాటి నుంచి రెండేళ్లలో దావా పడకపోతే నష్టపరిహారం అడిగే హక్కే అంతరిస్తుంది. మన్నింపు మీద ఆశ పెట్టుకుని ఈ రెండు నెలలు గడిపేశారంటే ఇక ఎవరూ ఏమీ చేయలేరు. లీగల్ నోటీసు ఇవ్వాలనుకుంటే పదిహేను రోజుల గడువుతో ఇవ్వండి, జవాబు వచ్చినా రాకపోయినా ఫిర్యాదు ఆపకండి.

వోచర్ మీద సంతకం పెట్టకండి. ఆ ఫారంలో "పూర్తి, తుది పరిష్కారంగా" అనే మాట ఉండకుండా ఏ కంపెనీ వోచర్ ఇవ్వదు. 400 తీసుకున్నందుకు బాధ లేదు, అది మీ డబ్బే.

ఫిర్యాదు గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయండి. ఫిర్యాదుదారు నివసించే చోట వేసే హక్కు 2019 చట్టం ఇచ్చింది. టికెట్ షరతుల్లో "వివాదాలు ఢిల్లీ కోర్టుల్లోనే" అని ఉన్నా బెదరకండి. ఫీజు మీరు అడిగే మొత్తం మీద కాదు, మీరు చెల్లించిన ధర మీద లెక్క. 5 లక్షల లోపు కాబట్టి మీకు ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్లో ఆన్‌లైన్‌గా వేసుకోవచ్చు. భోజనం విషయంలో కంపెనీ బాధ్యత లేదన్న షరతు ఏదైనా కనిపిస్తే, దాన్ని "అన్యాయ ఒప్పందం" అని పిటిషన్‌లో రాయకండి. ఆ కారణంతో వచ్చే ఫిర్యాదు వినే అధికారం జిల్లా కమిషన్‌కి లేదు, రాష్ట్ర కమిషన్‌కి వెళ్లాలి. అనవసరంగా అధికార పరిధి గొడవ తెచ్చుకుంటారు. సేవాలోపం అన్న ఒక్క కారణం మీదే నిలబడండి.

టికెట్ కొన్నది మీరు, ప్రయాణించి నష్టపోయింది ఆయన. కాబట్టి నాన్నగారిని మొదటి ఫిర్యాదుదారుగా, మిమ్మల్ని రెండో ఫిర్యాదుదారుగా వేయండి, ఇద్దరూ విడివిడిగా అఫిడవిట్లు ఇవ్వండి. ఫ్లైట్ ఎవరు మార్చారన్నది మీ అఫిడవిట్‌లో తేదీతో సహా మొదటి పేరాలోనే ఉండాలి. ఆ మెయిల్ దొరికాకే వకీలు దగ్గరికి వెళ్లండి. ఈ వారంలోనే.