శారదమ్మ దగ్గర నేర్చుకున్న మేనేజ్‌మెంట్: పలాస జీడిపప్పు షెడ్డు నుంచి ఒక జవాబు

ప్రశ్న: ఆధ్యాత్మిక గురువుల జీవితాల నుంచి నాయకత్వం, మేనేజ్‌మెంట్ నేర్చుకోవచ్చంటారు కదా, మీ ఉద్యోగంలో అవి నిజంగా పనికొచ్చాయా? ఎవరి నుంచి నేర్చుకున్నారు?

నాకు పనికొచ్చాయండి. శారదాదేవి నుంచి. రామకృష్ణ పరమహంస భార్య. మఠం వాళ్లు శ్రీమాత అంటారు, మా నాన్న శారదమ్మ అనేవాడు, నాకూ అదే అలవాటైపోయింది.

ఇలాంటి ప్రశ్నకి పదిమందిలో తొమ్మిదిమంది వివేకానందుడి పేరే చెబుతారు. మా ఆఫీసు గోడ మీద కూడా ఆయనే ఉన్నాడు, చేతులు కట్టుకుని, కింద 'లేవండి, మేల్కోండి' అని. ఆయన మీద నాకు గౌరవం లేక కాదు. కానీ నేను చేసేది పలాస దగ్గర ఓ జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ పని. మా షెడ్డులో పిక్కలు (పొట్టుతో ఉన్న జీడిగింజలు) కోసేవాళ్లు, పొట్టు తీసేవాళ్లు, గ్రేడింగ్ చేసేవాళ్లు దాదాపు అందరూ ఆడవాళ్లే. తెల్లారకముందే లేచి, వండి, పిల్లలకి క్యారేజీలు కట్టి, షేర్ ఆటోలో వేలాడుతూ వచ్చిన మనుషులకి లేవండి, మేల్కోండి అని నేను చెప్పాలా? నా రోజంతా వేరే గొడవలతో గడుస్తుంది. ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు, ఎవరి పక్కన ఎవరు కూర్చోనంటున్నారు, నిన్న ఇచ్చిన పిక్కకి ఇవాళ వచ్చిన పప్పుకి తూకంలో తేడా ఎక్కడొచ్చింది, ఇవీ. వీటికి శారదమ్మ జీవితంలో దొరికినంత సరుకు నాకు ఇంకెక్కడా దొరకలేదు.

తెలియని వాళ్లకోసం రెండు ముక్కలు. ఆవిడ 1853లో బెంగాల్‌లో జయరామబాటి అనే పల్లెటూళ్లో పుట్టింది. 1886లో పరమహంస పోయాక, 1920లో తను పోయేదాకా ఆయన శిష్యులకి పెద్దదిక్కు ఆవిడే. 1897లో వివేకానందుడు రామకృష్ణ మిషన్ పెట్టాడు, దానికి అధ్యక్షులున్నారు, కార్యదర్శులున్నారు, ఆవిడకి మాత్రం ఏ పదవీ లేదు. కాగితం మీద చూస్తే ఆవిడ ఎవరికీ బాస్ కాదు. అయినా 1901లో కలకత్తా దగ్గర మిషన్ ప్రధాన కేంద్రమైన బేలూరు మఠంలో మొదటిసారి దుర్గాపూజ చేసినప్పుడు వివేకానందుడు జంతుబలి ఇవ్వాలనుకుంటే, ఆవిడ వద్దంది, అంతే, ఆగిపోయింది. ఆ మాట చెల్లుబాటు ఎక్కడి నుంచి వచ్చింది అన్నదే నాకు ఆసక్తి.

నాకు అర్థమైనంతవరకు అది వంటింటి నుంచి వచ్చింది. పరమహంస ఉండే దక్షిణేశ్వరం గుళ్లో నహబత్ అని ఇరుకు గదిలో ఉంటూ, వచ్చేపోయే భక్తులందరికీ వండేది. నరేంద్రుడు, అంటే వివేకానందుడే, వస్తే శనగపప్పు చిక్కగా వండాలి, రొట్టె మందంగా ఉండాలి, అది ఆవిడకి తెలుసు. కుర్రాళ్లు రాత్రి ఎక్కువ తింటే ధ్యానం సాగదని పరమహంస ఒక్కొక్కరికీ ఇన్ని రొట్టెలని లెక్క పెట్టాడు. ఆవిడ ఆ లెక్క పట్టించుకోకుండా అడిగినన్ని పెట్టేసింది. ఆయన అడిగితే, రెండు రొట్టెలు ఎక్కువ తిన్నారని అంత బెంగ ఎందుకు, వాళ్ల మంచిచెడ్డలు నేను చూసుకుంటాను అంది. నియమాన్ని పక్కన పెట్టడం ఎవరైనా చేస్తారు. పక్కన పెట్టి, తర్వాత వచ్చే పర్యవసానం నాది అనడం, అదీ కష్టం. మా లైనులో రూలు సడలించే సూపర్‌వైజర్లు చాలామంది ఉన్నారు, తేడా వస్తే మాత్రం 'నాకు తెలీదు సార్, వాళ్లే చేశారు' అంటారు.

ఇక అసలు కథకి వస్తాను. బేలూరు మఠంలో ఒక పనివాడు దొంగతనం చేసి దొరికిపోయాడు. వివేకానందుడు వాణ్ణి తీసేశాడు. వాడు ఏడ్చుకుంటూ కలకత్తాలో శారదమ్మ దగ్గరికి పోయి, పెద్ద సంసారం, వచ్చే జీతం చాలట్లేదని చెప్పుకున్నాడు. ఆవిడ ముందు వాడికి అన్నం పెట్టింది. సాయంత్రం బాబూరాం మహరాజ్, అంటే ప్రేమానంద స్వామి, వస్తే, వీడు లేక చేశాడు నాయనా, సన్యాసులు మీకు సంసారం బాధలేం తెలుస్తాయి, వెనక్కి తీసుకెళ్లు అని పంపింది. నరేంద్రుడికి కోపమొస్తుందేమో అని ఆయన నసిగితే, నేను చెబుతున్నాను తీసుకెళ్లు అంది. వాణ్ణి చూడగానే వివేకానందుడు చూశారా బాబూరాం చేసిన పని అని విసుక్కున్నాడట గానీ, పంపింది ఎవరో తెలిశాక మరో మాట అనలేదు.

మా దగ్గర పప్పు పోవడం ఎప్పుడూ ఉండేదే. నూట ఎనభై రకం గుండు (విరగని) పప్పు, అంటే పౌనుకి 180 లోపు తూగే పెద్ద గింజ, కిలో ఏ రేటు పలుకుతుందో చూడండి, దాని మీద పొట్టు తీసే మనిషికి దక్కేది ఎంతో చూడండి, ఆశ పుట్టకపోతే ఆశ్చర్యం. ఒకరోజు సాయంత్రం గేటు తనిఖీలో ఒకావిడ రొంటిన చిన్న గుడ్డ మూట దొరికింది. పీలింగులో అందరికంటే సీనియర్, గింజ విరగకుండా పొట్టు తీయడంలో ఆవిడ చెయ్యే చెయ్యి, నేను కూడా అప్పా (అక్కా) అనే పిలుస్తాను. ఓనరు గారు ఊళ్లో లేరు, ఫోన్లోనే పంపించెయ్ అన్నారు. రేపటిదాకా ఆగండి సార్ అన్నాను. గేటు దగ్గర అందరూ చూస్తుండగా అడగలేదు. ప్యాకింగ్ గదిలో టిన్నుల మధ్య ఒక స్టూలు వేసి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఏమయ్యిందప్పా అన్నాను.

"ఏటి సెప్పమంటావు బాబూ. రేపు ఆయన్ని రక్తం మార్పిడికి తీసుకెళ్లాల. ఆటోకి డబ్బుల్నేవు."

రక్తం మార్పిడి అంటే డయాలిసిస్. ఉద్దానం పేరు వినే ఉంటారు, మా కిడ్నీ జబ్బు ఊళ్లు. 2023 డిసెంబరులో పలాసలోనే ప్రత్యేకంగా ఆసుపత్రి తెరిచారు, డయాలిసిస్‌కి డబ్బు కట్టక్కర్లేదు, ఒకప్పుడు మా వాళ్లు విశాఖపట్నం తిరిగి తిరిగి ఆస్తులు పోగొట్టుకున్నారు, ఆ లెక్కన ఎంతో మేలు. కానీ వారానికి రెండుమూడుసార్లు ఊరి నుంచి మనిషిని ఆటోలో తీసుకురావాలి, తోడు వచ్చిన భార్యకి ఆ రోజు కూలీ పోతుంది. దానికి తోడు ఆ నెల పిక్క లోడు అందక షెడ్డు కొన్నాళ్లు మూతపడింది. 2018లో తిత్లీ తుఫాను మా తోటలు నేలమట్టం చేశాక బయటి పిక్క మీద ఆధారపడటం బాగా పెరిగింది, ఆఫ్రికా నుంచి ఓడ ఆలస్యమైతే ఇక్కడ ఒక ఇంట్లో పొయ్యి వెలగదు.

ఆవిణ్ణి పంపలేదు. మూటలో ఉన్న పప్పు ఖరీదు నాలుగు బట్వాడాల్లో, అంటే వారం కూలీల్లో, కోసుకుంటామని చెప్పాం, కోశాం కూడా. పీలింగు నుంచి మార్చి ఊడ్చే పనికి వేద్దాం అన్నాడు గుమస్తా, నేను ఒప్పుకోలేదు, అదే పీట మీద, అదే పనిలో కూర్చోబెట్టాను. దొంగ అనే ముద్ర వేసి ఉంచుకునే కంటే పంపేయడమే నయం. తర్వాత రెండు మార్పులు చేశాం. ఇంట్లో డయాలిసిస్ మనిషి ఉన్నవాళ్లు ఆ రోజుల్లో మధ్యాహ్నం నుంచి వచ్చినా సరే, సగం పూట రాసుకుంటాం. రెండోది, వారం మధ్యలో చిన్న అడ్వాన్సు, దానికో నోటుబుక్కు, శనివారం బట్వాడాలో సర్దుబాటు. గేటు తనిఖీ మాత్రం తీసేయలేదు, ఇంకా గట్టి చేశాం, నా బ్యాగుతో సహా.

పప్పు పోవడం ఆగిపోయిందా అంటే, లేదు. బాగా తగ్గింది. ఇక్కడో సంగతి చెప్పాలి, శారదమ్మ కథ చదివి అందరినీ క్షమించేయడమే నాయకత్వం అనుకుంటే షాపు మూసుకోవాల్సిందే. తర్వాత గోడౌన్ దగ్గర ఒకడు డ్రైవరుతో కలిసి రాత్రిపూట బస్తాలే దాటించాడు. వాణ్ణి మర్నాడే పంపేశాం, నాకు కాస్త కూడా బాధ లేదు. రొంటిన మూట వేరు, గోడ దాటే 80 కిలోల బస్తా వేరు. ఆవిడైనా ఊరికే మెత్తటి మనిషేం కాదు. పరమహంస సొంతూరు కామారపుకూరులో హరీష్ అనే భక్తుడు మతి చెడి వెంటపడితే, ధాన్యపు గాదె చుట్టూ పరిగెత్తి పరిగెత్తి, చివరికి వాణ్ణి పడేసి గుండెల మీద మోకాలు పెట్టి చెంపలు వాయించింది. ఫొటోలో తల మీద ముసుగుతో కూర్చున్న ఆ మనిషే.

ఇంకొకటి టీ విషయం. మా దగ్గర స్టాఫుకి గాజు గ్లాసుల్లోను, లోడు దించే కలాసీలకి ప్లాస్టిక్ కప్పుల్లోను ఇచ్చేవాళ్లు, అదీ చేతికివ్వకుండా బస్తా మీద పెట్టి పోయేవాడు టీ కుర్రాడు. నేను చేరేనాటికే ఉన్న పద్ధతి, ఎవరూ దాని గురించి ఆలోచించినట్టు కూడా లేదు. శారదమ్మ ఇంట్లో ఇదే జరిగింది. జయరామబాటి పక్కన పట్టుపురుగులు పెంచుకునే ముస్లింలు, విదేశీ పట్టు వచ్చి బతుకు పోయి, దొంగతనాలకి దిగారు. ఊరంతా భయపడుతుంటే, ఆవిడ కొత్త ఇల్లు కట్టేటప్పుడు వాళ్లకే కూలి పని దొరికింది. అందులో అంజాద్ అనే అతనికి భోజనం పెడుతూ మేనకోడలు నళిని దూరం నుంచి విసురుతుంటే, అలా పెడితే తినబుద్ధేస్తుందా అని శారదమ్మే వడ్డించి, తిన్నాక ఎంగిలి తనే ఎత్తి శుభ్రం చేసింది. జాతి పోయిందత్తా అని నళిని గగ్గోలు పెడితే, శరత్ నాకెలా కొడుకో అంజాదూ అలాగే కొడుకు అంది. శరత్ అంటే శారదానంద స్వామి, మిషన్‌కి జనరల్ సెక్రటరీ! మా షెడ్డులో నేను చేసింది చాలా చిన్నపని, కలాసీలతో కలిసి నిలబడి అదే కప్పులో టీ తాగడం మొదలుపెట్టాను. టీ కుర్రాడికి ఏమీ చెప్పలేదు. కొన్నాళ్లకి వాడే అందరికీ ఒకే రకం గ్లాసులు తెచ్చాడు, కడగడానికి సుళువని.

భాష విషయంలో కూడా ఆవిడ గుర్తొస్తుంది. 1911లో రామేశ్వరం యాత్రకి ఒడిశా నుంచి రైల్లో మద్రాసు వెళ్లింది, ఆ లైను మా పలాస మీదుగానే పోతుంది (ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు చిన్నపిల్లాడిలా సంతోషం). మద్రాసులో, బెంగళూరులో ఆవిడ బెంగాలీ అర్థంకాని జనం వచ్చి కూర్చుని తృప్తిగా వెళ్లారట. మా దగ్గర ఒడియా మాట్లాడే ఆడవాళ్లు చాలామంది, నా ఒడియా వింటే వాళ్లు నవ్వాపుకోలేరు. కానీ ఒకావిడ పొద్దున్నుంచి పప్పు ఎక్కువ విరగ్గొడుతోందంటే, జ్వరమో, ఇంట్లో గొడవో, కళ్లు సరిగా ఆనడం లేదో అని దగ్గరకెళ్లి కూర్చుంటే చాలావరకు తెలిసిపోతుంది.

నా స్థాయికి మించినదైనా గవర్నర్ కథ ఒకటి చెప్పాలి. మిషన్‌లో విప్లవకారులు చేరుతున్నారని 1916లో బెంగాల్ గవర్నర్ కార్మైకేల్ సభలో అన్నాడు. నిజంగానే బాంబు కేసుల్లో పేర్లున్నవాళ్లు అప్పటికి సన్యాసులై మఠంలో ఉన్నారు. వాళ్లని పంపేస్తే పీడ పోతుందనే ఆలోచన లేచింది. శారదమ్మ ఒప్పుకోలేదు, ఠాకూర్‌ని (పరమహంసని) నమ్మి వచ్చిన వాళ్లని వెళ్లగొట్టేదేమిటి, వెళ్లి ఆ గవర్నర్‌తోనే మాట్లాడండి అంది. శారదానంద స్వామి వెళ్లి మాట్లాడాడు, తర్వాత గవర్నర్ వివరణ ఇస్తూ ఉత్తరం రాశాడు. ఒత్తిడి రాగానే కింద ఉన్నవాడి మెడ మీద కత్తి పెట్టే మేనేజర్లని చూసి చూసి, ఇది చదివినప్పుడు పుస్తకం పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను.

మా ఓనరు గారు ఇదంతా మెచ్చుకుంటారా అంటే, అడ్వాన్సు నోటుబుక్కు మీద ఇప్పటికీ సణుగుడే. పాత చేతులు వేరే ఫ్యాక్టరీకి పోకుండా ఉన్నందువల్ల గుండు ఎంత వస్తోంది, బద్ద, ముక్క ఎంత తగ్గింది అని తూకం లెక్క చూపిస్తే కాసేపు ఊరుకుంటారు. ఈసారి పిక్క రేటు పెరిగితే ఆ నోటుబుక్కు మూసేయమంటారేమో, ఆ గొడవ ఇంకా ముందుంది.