జాతీయ రవాణా ప్రణాళిక రాయబోతున్న రఘుకు పెద్దమ్మ ఉత్తరం

పెరంబూరు, చెన్నై

చిరంజీవి రఘుకు పెద్దమ్మ ఆశీస్సులు.

బెంగళూరులో నగర రవాణా పని చూస్తూ వచ్చిన నువ్వు ఇకమీదట ఢిల్లీలో పాతికేళ్ల జాతీయ రవాణా ప్రణాళికను తయారుచేసే బృందంలో కూర్చోబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. దేశ ఆర్థికాభివృద్ధి కుంటుపడకుండా కార్బన్ ఉద్గారాలు తగ్గే దారి ఏదో నా అనుభవం మీద రాయమని అడిగావట. నా ఉద్యోగమంతా రైల్వే సరుకు రవాణాలో గడిచింది గనుక నా మాటల్లో ప్రయాణికుల కంటే సరుకు ప్రస్తావనే ఎక్కువగా ఉంటుంది. దేశ ప్రణాళికలకు అటువైపు చూపు తక్కువ కాబట్టి ఆ మొగ్గు వల్ల నీకు నష్టమేమీ ఉండదని నా నమ్మకం.

మీ బృందంలో తొలి నెలల చర్చ బ్యాటరీ లారీలు మేలా, హైడ్రోజన్ లారీలు మేలా అన్న ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. అది అవసరమైన చర్చే గాని దాన్ని ముందు పెట్టుకోవద్దు. ఈ ఏడు రోడ్డెక్కిన లారీ ఇంచుమించు పదిహేనేళ్లలో తుక్కుకు పోతుంది. నికర శూన్య ఉద్గారాలకు (గాలిలోకి వదిలే కార్బనూ, తిరిగి పీల్చుకునే కార్బనూ సమానమయ్యే స్థితికి) చేరతామని మన దేశం 2021లో గ్లాస్గోలో మాట ఇచ్చిన 2070 నాటికి ఆ చోట మూడు తరాల లారీలు వచ్చి పోతాయి. దారి సంగతి అలా కాదు. 1856లో రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా దక్షిణాదిలో తొలి ప్రయాణికుల రైలు నడిచిన దారి మీదనే ఇవాళ్టికీ బండ్లు తిరుగుతున్నాయి. ఏ ఇంధనం వాడాలన్నది అయిదేళ్లకొకసారి దిద్దుకోగల నిర్ణయం. ఏ రెండు ఊళ్ల మధ్య ఏ దారి ఉండాలన్నది మూడు నాలుగు తరాలను కట్టిపడేసే నిర్ణయం. అందుకే నీ ప్రణాళికలో దారుల అధ్యాయం ముందు రావాలి, దాని మీద ఎక్కువ కాలం వెచ్చించాలి.

దారిని కాపాడుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి మా చెన్నై నడిబొడ్డునే ఒక ఉదాహరణ ఉంది. బకింగ్‌హాం కాలువ బాపట్ల జిల్లా పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువను అందుకుని, నెల్లూరు తీరం వెంబడి మద్రాసు మీదుగా మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు సాగుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో, ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో మన కోస్తా బియ్యం, ఉప్పు, వంటచెరకు పడవల మీద ఈ కాలువలోనే మద్రాసు చేరేవి. తర్వాత రైళ్లు, లారీలు ఆ సరుకును తీసుకుపోయాయి, తుఫానులు గట్లను కోశాయి, మరమ్మతులు ఆగిపోయాయి. అంతవరకు జరిగినదాన్ని కాలధర్మం అనుకోవచ్చు. ఆ పైన, చెన్నై బీచ్ నుంచి మైలాపూరు మీదుగా వేళచేరికి ఎత్తైన రైలు మార్గం కట్టేటప్పుడు భూసేకరణ బాధ లేకుండా చాలాచోట్ల కాలువ లోపలే స్తంభాలు నాటారు. 2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలువలను, గోదావరి, కృష్ణలను కలిపి నాలుగో జాతీయ జలమార్గంగా చట్టం ప్రకటించింది. జలమార్గమని చట్టం పేరు పెట్టేనాటికే దాని నగర భాగంలో స్తంభాలు నిలబడి ఉన్నాయి. ఒక రవాణా సాధనం మరొకదాని దారిని మూసేసింది, ఆ కాలువ భవిష్యత్తు ఎవరి ఫైలులోనూ లేదు కాబట్టి అభ్యంతరం చెప్పవలసిన వాళ్లే లేకపోయారు.

చెన్నైలో పారే కూవం నది సంగతీ అలాంటిదే. చెన్నై ఓడరేవు నుంచి మదురవాయల్ దాకా ఎత్తైన రోడ్డుకు 2009లో శంకుస్థాపన జరిగింది. నదిలో స్తంభాల మీద వివాదం లేచి 2012లో పని ఆగింది. 2022లో రెండంతస్తుల వంతెనగా మళ్లీ శంకుస్థాపన చేశారు. మొదట 1,655 కోట్ల రూపాయల అంచనా ఉన్న పని రెండోసారికి 5,800 కోట్లు దాటింది. ఇన్నేళ్లూ ఓడరేవు కంటెయినర్లు ఎన్నూరు, మణలి రోడ్ల మీద గంటల తరబడి నిలబడి డీజిలు కాల్చాయి. ప్రణాళికల్లో ఉద్గారాలను లెక్కగట్టేవాళ్లు కదిలే వాహనాన్నే లెక్కలోకి తీసుకుంటారు. వరసలో ఆగి ఉన్న వాహనం పట్టికలో ఎక్కడా కనపడదు. నువ్వు ఆ వరసకు కూడా ఒక గడి పెట్టు.

కాబట్టి నీ బృందం తన మొదటి సంవత్సరంలోనే 2050కి కావలసిన సరుకు దారులను, ఓడరేవుల వెనక కావలసిన యార్డులను, పెద్ద నగరాల అంచున సరుకు చేతులు మారే స్థలాలను పటం మీద గీసి, ఆ భూమిపై ఇతర నిర్మాణాలకు అనుమతి ఇవ్వకుండా రాష్ట్రాల మాస్టర్‌ప్లాన్లలోకి ఎక్కించాలి. లైను వేయడం పదేళ్ల తర్వాత కావచ్చు, భూమి మాత్రం ఇప్పుడే గుర్తు పడాలి. వేళచేరి నుంచి సెయింట్ థామస్ మౌంట్ దాకా అయిదు కిలోమీటర్ల పొడిగింపు 2008లో మొదలై, ఆదంబాక్కం దగ్గర అర కిలోమీటరు భూమి చేతికి రాక ఏళ్ల తరబడి ఆగిపోయింది.

ఇక సరుకు సంగతికి వస్తాను. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశపు సరుకులో నూటికి ఎనభై వంతులకు పైగా రైలు మోసేది. 2020 నాటి జాతీయ రైలు ప్రణాళిక లెక్క ప్రకారం అది 27 శాతానికి దిగింది, దాన్ని 2030కి 45 శాతం చేయాలని ఆ ప్రణాళికే లక్ష్యం పెట్టుకుంది. లక్ష్యం మంచిదే, కానీ సరుకు రైలును ఎందుకు విడిచిపోయిందో తెలియకుండా దాన్ని వెనక్కి తేలేము. ప్రయాణికుల బండ్లకు దారి ఇస్తూ లూపు లైన్లలో (స్టేషన్లలో పక్కకు తప్పుకునే పట్టాల మీద) గంటల కొద్దీ పడి ఉండే గూడ్సు బండి సగటున గంటకు పాతిక కిలోమీటర్లు పోవడమే గగనం. ఏ రోజు ఏ వేళకు చేరుస్తామన్న హామీ ఉండదు. పూర్తి రేకు, అంటే ఒక బండికి సరిపడా వ్యాగన్ల వరస, నింపగల వ్యాపారికే చోటు, అర రేకు సరుకున్నవాడికి లారీయే దిక్కు. పైగా టిక్కెట్ల మీద వచ్చే నష్టాన్ని సరుకు ఛార్జీలతో పూడుస్తారు గనుక ఆ ఛార్జీలు ఉండవలసిన దానికంటే ఎక్కువగా ఉంటాయి. నేను గూడ్సు షెడ్లలో చూసిన వ్యాపారుల్లో రైలంటే అయిష్టం ఉన్నవాళ్లు లేరు. వాళ్లు అడిగింది ఒక్కటే, సరుకు ఎప్పుడు చేరుతుందో చెప్పమని.

ఆ ప్రశ్నకు జవాబు దొరికిన చోట సరుకు తనంతట తానే రైలెక్కింది. 2013-14లో దేశంలో తయారైన కార్లలో రైల్లో పోయినవి నూటికి ఒకటిన్నర మాత్రమే. పదేళ్లలో అది 20 శాతం దాటింది. కార్లకు తగిన ప్రత్యేక వ్యాగన్లు వచ్చాయి, వాటిని ప్రైవేటు సంస్థలు సొంతంగా కొని నడపడానికి అనుమతి దొరికింది, కర్మాగారాలకు దగ్గరలో ఎక్కించే చోట్లు ఏర్పడ్డాయి. మా వైపు వాలాజాబాద్ అటువంటి చోటే. ఒక్కొక్క సరుకు పేరు రాసుకుని, దానికి వ్యాగను ఏది, ఎక్కించే చోటు ఏది, వేళ ఏది అని ఇలాగే విడివిడిగా చూడు. సిమెంటు, ఉక్కు, కంటెయినర్లు, ఎరువులు, ధాన్యం ఈ పద్ధతికి లొంగుతాయి. మదనపల్లె నుంచి చెన్నై కోయంబేడు మార్కెట్టుకు రాత్రికి రాత్రి వచ్చే టమాటాను మాత్రం రైలెక్కించాలని చూడకు. అంత దగ్గరి దూరానికి, అంత తొందర సరుకుకు లారీయే తగినది, అక్కడ చేయవలసిన పని ఆ లారీకి విద్యుత్తు అందించడం. మన రోడ్ల మీది వాహనాల్లో ట్రక్కులు నూటికి మూడే అయినా రోడ్డు రవాణా కార్బన్‌లో మూడో వంతు వాటివేనని నీతి ఆయోగ్ నివేదిక చెప్పింది గనుక ఏ ట్రక్కును రైలెక్కించాలి, ఏ ట్రక్కును విద్యుత్తుకు మార్చాలి అన్న విభజనే నీ ప్రణాళికకు గుండెకాయ.

ఇప్పుడు నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే మాట. రైల్వేలు 2023-24లో మోసిన దాదాపు 159 కోట్ల టన్నుల సరుకులో 78 కోట్ల టన్నులకు పైగా బొగ్గే. ఆ బొగ్గు మీద వచ్చే ఆదాయంతోనే పేద ప్రయాణికుడి టిక్కెట్టు చౌకగా ఉంటోంది. మరోవైపు 2000 సంవత్సరపు చట్టంతో ఏర్పడిన కేంద్ర రోడ్డు నిధి పెట్రోలు, డీజిలు మీద వేసిన సెస్సుతో నిండుతోంది. రాష్ట్రాల ఖజానాలకు కూడా ఆ రెండిటి మీద పన్ను ఒక పెద్ద ఆసరా. అంటే రైలుకూ రోడ్డుకూ డబ్బు వచ్చేది మనం తగ్గించదలచుకున్న ఇంధనాల నుంచే. ప్రణాళిక ఎంత బాగా నెగ్గితే దానికి పెట్టుబడి పెట్టే సంచి అంత ఖాళీ అవుతుంది. ఈ సంగతి రాయని ప్రణాళికను నమ్మవద్దు.

ఒడిశాలోని తాల్చేరు బొగ్గు రైల్లో పారాదీపు ఓడరేవుకు, అక్కడినుంచి ఓడలో ఎన్నూరుకు వచ్చి ఉత్తర చెన్నై థర్మల్ కేంద్రానికి చేరుతుంది. రైలు, సముద్రం కలిసి పనిచేయడానికి దీనికంటే మంచి నమూనా మన తీరంలో లేదు, ఎన్నూరు ఓడరేవు 2001లో మొదలైంది కూడా ముఖ్యంగా ఆ బొగ్గు కోసమే. బొగ్గు తగ్గిననాడు ఓడలు ఆగే ఆ బెర్తులు, ఆ వ్యాగన్లు, వాటి మీద బతికే మనుషులు ఏ సరుకుకు మారాలో ఇప్పటినుంచే సంవత్సరాల వారీగా లెక్క వేయాలి. టిక్కెట్ల నష్టాన్ని సరుకు మీద రుద్దకుండా బడ్జెట్‌లో బాహాటంగా ప్రజాసేవ ఖర్చుగా చూపించమని సిఫారసు చెయ్యి. డీజిలు సెస్సు తగ్గే కొద్దీ బరువును బట్టి, నడిచిన దూరాన్ని బట్టి భారీ వాహనాల నుంచి రుసుము వసూలు చేసే పద్ధతి రావాలి; 2021 నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయింది గనుక దానికి కావలసిన సాంకేతిక పునాది కొంత పడే ఉంది. లారీ యజమానులు వ్యతిరేకిస్తారు. వాళ్లలో చాలామంది ఒకటి రెండు బండ్లతో అప్పుల మీద నడిచేవాళ్లు, వాళ్ల మాట వినకుండా రుసుము నిర్ణయించడం అన్యాయమే అవుతుంది.

లైన్లన్నీ దాదాపు విద్యుదీకరణ అయ్యాయి కాబట్టి రైలు శుభ్రమైపోయిందని ఎవరైనా అంటే, ఆ విద్యుత్తులో ఇప్పటికీ ఎక్కువ భాగం బొగ్గు నుంచే వస్తోందని గుర్తు చెయ్యి. అయినా రైలే మేలు: ఇనుప పట్టా మీద ఇనుప చక్రం దొర్లడానికి కావలసిన శక్తి రోడ్డు మీద టైరుకు కావలసినదానిలో చిన్న భాగమే, గ్రిడ్ శుభ్రపడే కొద్దీ అదే రైలు మరింత శుభ్రపడుతుంది.

అధికారం ఎవరిదన్న చిక్కు గురించి క్లుప్తంగానే రాస్తాను, దాన్ని నువ్వు త్వరలోనే చూస్తావు. రైల్వే, రోడ్లు, ఓడరేవులు, విమానాలు వేర్వేరు మంత్రిత్వ శాఖల కింద ఉన్నాయి, నగర రవాణా ఇంకో శాఖది. 1985లో రైల్వే, పౌర విమానయానం, భూతల రవాణాలను ఒకే మంత్రిత్వ శాఖ కిందికి తెచ్చి మరుసటి ఏడే విడదీశారు. 2021లో కేంద్రం తెచ్చిన గతిశక్తి పటం వల్ల ఎవరి పని ఎక్కడ ఉందో ఒకే తెర మీద కనిపిస్తోంది, అది పెద్ద మేలు. కానీ ఇద్దరి పనులు ఒకే చోట తగిలితే ఎవరు తప్పుకోవాలో పటం చెప్పదు. అందువల్ల ఒక్కొక్క కారిడార్‌కు తుది నిర్ణయం ఎవరిదో పేరు పెట్టి రాయించు. చెన్నైలో బస్సు, మెట్రో, లోకల్ రైలును కలిపి చూసే సంస్థకు 2010లోనే చట్టం వచ్చినా అది నిజంగా పని మొదలుపెట్టేసరికి పదేళ్లు దాటింది. మూడింటికీ ఒకే యాప్‌లో టిక్కెట్టు 2025లో గాని రాలేదు. బస్సు రాష్ట్రాల విషయమంటూ జాతీయ ప్రణాళికలు దాన్ని ఒక పేరాతో సరిపెడతాయి. చెన్నై దగ్గరి ఒరగడం, శ్రీపెరంబుదూరు కర్మాగారాల పనివాళ్లు బస్సుల్లోనే షిఫ్టులకు చేరుతున్నారు గనుక ఆ పేరాను అధ్యాయం చేయమని పోరాడు.

ఢిల్లీ బండి ఎక్కేముందు నాలుగు రోజులు తీరిక చేసుకుని మా ఇంటికి రా. మాధవరం లారీ టెర్మినల్‌లో మన నెల్లూరు, విజయవాడ డ్రైవర్లు దొరుకుతారు. ఎక్కడ ఎంతసేపు ఆగారో, తిరుగు ప్రయాణంలో ఖాళీగా ఎన్నిసార్లు వెళ్లవలసి వచ్చిందో వాళ్లనే అడిగి రాసుకో. 2018 నుంచి సరుకు వెంట ఉండవలసిన ఈ-వే బిల్లుల్లో ఏ సరుకు ఏ ఊరి నుంచి ఏ ఊరికి పోతోందో ఉంటుంది, రైల్వే దగ్గర రేకుల లెక్క ఉంటుంది. పేర్లు తీసేసిన ఆ రెండు లెక్కలనూ మొదటి నెలలోనే నీ బృందానికి ఇప్పించమని లిఖితపూర్వకంగా అడుగు. ఆ అడగవలసిన కాగితం ముసాయిదా మనిద్దరం ఇక్కడే కూర్చుని రాద్దాం.

ఇట్లు,
మీ పెద్దమ్మ