మొదటి ట్యాంకుల్లో పొగ చూసి కంగారుపడకండి

మొదటిసారి నైట్రో ట్రక్కు (నైట్రోమీథేన్ కలిసిన ఇంధనంతో నడిచే రిమోట్ కంట్రోల్ బొమ్మ ట్రక్కు) కొంటున్నాననీ, పెట్టె తెరిచిన రోజే పూర్తి వేగంతో నడపవచ్చా అనీ, ఇంధనం ఎంత శాతం నైట్రోది తీసుకోవాలనీ మీరు అడిగారు. ఆ రోజే నడపవచ్చు గాని, వేగంగా నడపకూడదు. నా మొదటి ఇంజనును చేజేతులా పాడుచేసుకున్న అనుభవంతో ఈ మాట చెబుతున్నాను.

నాది 2.5 సీసీ టూ-స్ట్రోక్ ఇంజను. మొదటి ట్యాంకు నింపి స్టార్ట్ చేయగానే దట్టంగా వచ్చే పొగనూ, పొగగొట్టం చివర కారే నూనెనూ, థ్రాటిల్ ఇచ్చినా మొరాయిస్తూ కదిలే బండినీ చూసి, ఏదో లోపముందనుకొని కార్బ్యురేటర్‌లోని హైస్పీడ్ నీడిల్‌ను (ఎక్కువ వేగంలో ఇంజనుకు అందే ఇంధనాన్ని నియంత్రించే మరను) బిగించాను. పొగ తగ్గింది, ట్రక్కు పగ్గం తెంచుకున్న కోడెలా దూకింది, నేనే బాగుచేశానని మురిసిపోయాను. రెండవ ట్యాంకు సగమైనా కాకముందే ఇంజను కీచుమని ఆగిపోయింది. చల్లారాక స్టార్టర్ తాడు లాగితే చేతికి ఏ ప్రతిఘటనా తగలలేదు; అంటే కంప్రెషన్ (పిస్టన్ సిలిండర్‌లో కలిగించే ఒత్తిడి) పూర్తిగా పోయిందన్నమాట.

ఈ ఇంజనుకు విడిగా ఆయిల్ ట్యాంకు ఉండదు. ఇంధనంలోనే మిథనాల్, నైట్రోమీథేన్‌లతో పాటు నూనె కలిసి ఉంటుంది కనుక, నీడిల్ బిగించి ఇంధనాన్ని తగ్గించిన ప్రతిసారీ లోపలికి వెళ్లే నూనెనూ, ఇంజనుకు అందే చల్లదనాన్నీ కూడా తగ్గించినట్టే అవుతుంది. నేను లోపమనుకున్న ఆ పొగే నిజానికి నూనె అందుతోందనడానికి గుర్తు.

కొత్త ఇంజనులో సిలిండర్ స్లీవ్ (పిస్టన్ కదిలే లోపలి గొట్టం) పైభాగం కాస్త ఇరుకుగా ఉండి, చల్లగా ఉన్నప్పుడు పిస్టన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. వేడెక్కితేనే ఆ పట్టు సరైన మేరకు సడలుతుంది. అందుకే మొదట్లో తాడు బిగుసుకున్నట్టు అనిపిస్తే బలమంతా పెట్టి లాగకుండా, హెయిర్ డ్రయ్యర్‌తో ఇంజను హెడ్‌ను కాస్త వేడి చేసుకోవడం మంచిది. తయారీదారు పుస్తకంలో మరోలా ఉంటే దాన్నే పాటించండి. లేకుంటే మొదటి ఐదారు ట్యాంకులను పొగ బాగా వచ్చే సెట్టింగ్‌లోనే, మొదట నెమ్మదిగానూ, ఆ తరువాత సగం థ్రాటిల్‌తో కొద్దికొద్ది దూరాలూ నడిపి ఖర్చు చేయండి. ట్యాంకు ట్యాంకుకూ మధ్య ఇంజనును పూర్తిగా చల్లారనివ్వాలి. ఆ సమయంలో ఫ్లైవీల్‌ను తిప్పి పిస్టన్‌ను అడుగుకు దించి ఉంచకపోతే, చల్లారుతూ ముడుచుకునే స్లీవ్ దాన్ని పైననే బిగించి పట్టుకుంటుంది.

ఆ తరువాతే ట్యూనింగ్. ఒక్కోసారి ఎనిమిదోవంతు చుట్టుకు మించి తిప్పకుండా, ముందు హైస్పీడ్ నీడిల్, తరువాత తక్కువ వేగంలో ఇంధనాన్ని నియంత్రించే లోస్పీడ్ నీడిల్, చివరగా బండి నిలిచి ఉన్నప్పుడు ఇంజను వేగాన్ని నిర్ణయించే ఐడిల్ స్క్రూ సరిచేసుకోండి. పూర్తి వేగంలోనూ సన్నని పొగచార కనిపిస్తూనే ఉండాలి. హెడ్ ఉష్ణోగ్రత సుమారు 95 నుంచి 125 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే నేను నిశ్చింతగా ఉంటాను. థర్మామీటర్ లేనివారు హెడ్ మీద ఒక నీటిచుక్క వేసి, అది మూడు నాలుగు సెకన్లపాటు మరిగి ఆరుతోందో, పడీపడగానే చిటపటమని ఆవిరైపోతోందో గమనించవచ్చు. పడగానే ఆవిరైతే వేడి మితిమీరిందని అర్థం. ఎండవేళ కుదిరిన సెట్టింగ్‌తో మరునాడు చల్లని ఉదయం నడపబోతే, గాలి చిక్కబడి ఉండడం వల్ల మిశ్రమంలో ఇంధనం పాలు తగ్గిపోతుంది. ఇది చాలామంది పట్టించుకోరు. నేనూ పట్టించుకునేవాణ్ణి కాదు.

నైట్రో శాతం విషయానికి వస్తే, పుస్తకంలో వేరే సూచన లేనప్పుడు 20 శాతం చాలు. మిథనాల్ విషపదార్థం, పైగా పగటి వెలుతురులో దాని మంట కంటికి దాదాపు కనిపించదు. ఇంధనం పోసేటప్పుడు దగ్గర నిప్పు లేకుండా చూసుకుని, డబ్బా మూతను వెంటనే బిగించండి, ఎందుకంటే మిథనాల్ గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది.

తాడు హఠాత్తుగా కదలకుండా ఆగితే సిలిండర్‌లో ఇంధనం నిండిపోయిందని గ్రహించి, గ్లో ప్లగ్ (ఇంధనాన్ని మండించే, హెడ్‌లో ఉండే ప్లగ్) విప్పి, ముఖం దూరంగా పెట్టి, రెండుసార్లు లాగితే అదంతా బయటికి చిమ్ముతుంది. స్టార్ట్ చేసేటప్పుడు ప్లగ్‌ను వేడిచేసే ఇగ్నైటర్ తీయగానే ఇంజను ఆగిపోతుంటే ముందుగా ప్లగ్‌నే అనుమానించాలి; ఒకటి రెండు ఎక్కువే దగ్గర ఉంచుకోండి. నడిపే ముందు చేతిలోని ట్రాన్స్‌మిటర్‌ను మొదట, ట్రక్కులోని రిసీవర్‌ను తరువాత ఆన్ చేయండి. సిగ్నల్ పోతే ట్రక్కు తనంతట తాను బ్రేకు వేసుకునేలా ఫెయిల్‌సేఫ్ పనిచేస్తోందో లేదో, చక్రాలు నేలకు తగలకుండా ఎత్తిపెట్టి తప్పక పరీక్షించండి. నూనె పట్టించిన ఎయిర్ ఫిల్టర్ లేకుండా ఒక్క నిమిషమైనా నడపవద్దు.

ఆట ముగిశాక ట్యాంకు ఖాళీ చేసి, గొట్టాల్లో మిగిలిన ఇంధనం అయిపోయేదాకా ఇంజనును నడిపి, ప్లగ్ రంధ్రంలోనూ కార్బ్యురేటర్‌లోనూ ఆఫ్టర్-రన్ ఆయిల్ (నడిపాక తుప్పు పట్టకుండా వేసే నూనె) కొన్ని చుక్కలు వేసి, ఫ్లైవీల్‌ను నాలుగైదుసార్లు తిప్పండి. ఇది మానేస్తే, లోపల మిగిలిన మిథనాల్ పీల్చుకున్న తేమకు బేరింగులు తుప్పుపడతాయి.