గొర్రె కార్జంలో నీటి తిత్తులా? మందు పడాల్సింది కుక్కకు

ప్రశ్న: మాకు 40 గొర్రెలు, రెండు కాపలా కుక్కలు ఉన్నాయి. మా ఆవిడ గర్భసంచిలో గడ్డ కనబడితే క్యాన్సరేమోనని హడలిపోయాం. ఆపరేషన్ చేశాక అది హైడాటిడ్ తిత్తి, అంటే నీటి సంచి అన్నారు. మొన్న కోసిన గొర్రె కార్జంలోనూ నీటి తిత్తులున్నాయి. మాంసం వల్ల వచ్చిందా? మందను అమ్మేయాలా?
– ఓ రైతు, ప్రత్తిపాడు, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మకండి. ఇది మాంసం తింటే రాదు, మనిషి నుంచి మనిషికీ అంటదు. దీనికి మూలం కుక్క పేగుల్లో ఉండే ఎఖైనోకాకస్ అనే బద్దెపురుగు. పొడవు 2–7 మిల్లీమీటర్లే కాబట్టి పెంటలో కంటికి ఆనదు. దాని గుడ్లు మేతకు, ఆకుకూరలకు, కుక్క బొచ్చుకు అంటుకుని గొర్రె కడుపులోకో మన నోట్లోకో చేరితే తిత్తులవుతాయి. ఆ తిత్తులున్న కార్జాన్ని, ఊపిరితిత్తులను పనికిరావని పచ్చిగా కుక్కకు విసిరితే మళ్లీ పురుగు పుడుతుంది. ఆపాల్సింది ఇక్కడే.

మనుషుల్లో ఇది ఎక్కువగా కాలేయానికి, ఆ తర్వాత ఊపిరితిత్తులకు వస్తుంది. గర్భసంచిలో చాలా అరుదు. ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరిగి స్కానింగులో కణితిలా కనిపిస్తుంది. తిత్తి పగిలి నీరు చిందితే ప్రాణం మీదికొచ్చే అలర్జీ రావచ్చు, చిందినచోట కొత్త తిత్తులూ మొలవచ్చు. అందుకే జీవాలు, కుక్కలు పెంచేవాళ్లు పొట్టలో గడ్డ ఉందనగానే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. మీ ఆవిడకు కాలేయం, ఊపిరితిత్తులు కూడా పరీక్ష చేయించండి. ఆల్బెండజోల్ అనే పురుగుల మందు ఎన్నాళ్లు వాడాలో డాక్టరే చెప్పాలి. అది ఎన్నేళ్ల కిందట సోకిందో తెలియదు కనుక ఇప్పటి కుక్కలనే తప్పుపట్టలేం.

కుక్కకు కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల ప్రాజిక్వాంటెల్ అనే బద్దెపురుగుల మందు వేయాలి. 20 కిలోల కుక్కకైతే 100 మిల్లీగ్రాములు. కంటి అంచనాతో తగ్గించి వేస్తే పురుగు మిగులుతుంది, కాటా వేయండి. కొత్తగా సోకిన పురుగు గుడ్లు పెట్టడానికి ఆరేడు వారాలు పడుతుంది. కాబట్టి 6 వారాలకోసారి వేయాలి. మందు గుడ్లను చంపదు. వేశాక రెండు మూడు రోజులు కట్టేసి, పెంట ఎత్తి కాల్చేయండి. ఫినాయిల్‌కు గుడ్లు చావవు, మరిగే నీళ్లకు చస్తాయి.

చాలామంది గొర్రెలకు ఆల్బెండజోల్ నట్టల మందు ఒకసారి తాగించి తిత్తులు పోయాయనుకుంటారు. పోవు. ఒక మాట, కార్జం పైన వేలాడే పల్చటి సంచిలో ఒకే తెల్లటి గింజ ఉంటే అది వేరే బద్దెపురుగు, మనుషులకు రాదు. లోపల దిగబడి, మందపాటి గోడతో ఉంటే హైడాటిడ్. అనుమానముంటే గన్నవరం వెటర్నరీ కాలేజీలో చూపించండి. తిత్తులున్న భాగాలను 30–40 నిమిషాలు మరిగించండి, లేదా ఊరకుక్కలు తవ్వలేనంత లోతుగా పాతిపెట్టండి.