తప్పు మీ దిద్దుబాటులో లేదు

ప్రశ్న: మాస్టారూ, నేను బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లో ఒకచోట ఒకే మాట రెండుసార్లు పడింది. దిద్ది, గిట్ డిఫ్ (కోడ్ మార్పుల లెక్క ఉంచే ‘గిట్’ టూల్ ఇచ్చే మార్పుల జాబితా) తీసి, జీమెయిల్‌లో పేస్ట్ చేసి కెర్నెల్ వాళ్లకు పంపితే హెచ్‌టీఎంఎల్ ఉందని మెయిల్ తిరిగొచ్చింది. ప్లెయిన్ టెక్స్ట్ చేసి పంపితే ఈసారి ప్యాచ్ (అంటే నేను పంపిన ఆ మార్పు) అప్లై కావడం లేదన్నారు. కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో అయితే ఒక బటన్‌తో పోయేది కదా! ఒక్క మాట తీసెయ్యడానికి ఇంత టెన్షనా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ దిద్దుబాటు బాగానే ఉండి ఉంటుందమ్మా. దారిలో పోస్ట్‌మ్యాన్ కవరు విప్పి ఉత్తరాన్ని తిరగరాశాడు, అంతే. జీమెయిల్ వెబ్ పేజీలో పేస్ట్ చేస్తే ట్యాబ్‌లు స్పేస్‌లైపోతాయి, లైన్లు 78 అక్షరాల దగ్గర విరిగిపోతాయి. ప్యాచ్‌లో మీరు మార్చిన లైనే కాదు, దాని పైనా కిందా ఉన్నవి కూడా అసలు ఫైలుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి.

నేనూ ఈ గోతిలో పడ్డవాణ్నే. నా మొదటి ప్యాచ్ ఒక డ్రైవర్‌లో నాలుగు లైన్లు. ఇదే జవాబొస్తే రెండు రాత్రులు కోడ్‌నే తిరగేశాను. చివరికి విమ్ ఎడిటర్‌లో ‘సెట్ లిస్ట్’ అని కొట్టాను. అసలు ఫైల్లో ట్యాబ్ ఉన్నచోటల్లా టోపీ గుర్తు, పక్కన ఐ అక్షరం. నా మెయిల్లో అక్కడ వట్టి ఖాళీ! మామూలుగా చూస్తే రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి.

కాబట్టి కాపీ-పేస్ట్ మానేయండి. ‘గిట్ సెండ్-ఈమెయిల్’ అనే కమాండ్ వాడితే అక్షరం కదలదు. దానికి జీమెయిల్‌లో టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుని 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. కాలేజీ వైఫై మెయిల్ పోర్టును ఆపేస్తే, కెర్నెల్ వాళ్లే వాడే ‘బీ4’ అనే టూల్ ఉంది. ఒకసారి మీ డిజిటల్ సంతకం కీ రిజిస్టర్ చేసుకుంటే కెర్నెల్ డాట్ ఆర్గ్ సర్వరే మీ తరఫున మెయిల్ పంపుతుంది. ఎవరికి పంపాలో కూడా బీ4యే వెతికి పెడుతుంది. ముందు ‘రిఫ్లెక్ట్’ ఆప్షన్‌తో మీకు మీరే పంపుకొని చూసుకోండి.

గిట్‌హబ్‌లో కెర్నెల్ ప్రతి ఉంది గానీ, అక్కడ పెట్టే పుల్ రిక్వెస్టులు (నా మార్పు కలుపుకోండి అనే వినతులు) తీసుకోరు. గిట్ ప్రాజెక్టు కూడా మెయిల్ మీదే నడుస్తుంది. అయినా అక్కడ ‘గిట్‌గిట్‌గాడ్జెట్’ అనే బాట్ పుల్ రిక్వెస్టును మెయిల్‌గా మార్చి పంపుతుంది. కెర్నెల్‌కీ అలాంటి గుమ్మం ఒకటి ఉంటే బాగుండునని నా కోరిక. మెయిల్ కష్టం ఉంటేనే గట్టివాళ్లు మిగులుతారని కొందరు సీనియర్లు అంటారు. నేనొప్పుకోను. ఆ జల్లెడలో ఆగిపోయేది చెత్త కోడ్ కాదు, మెయిల్ సెట్టింగులు తెలియని మీలాంటి పిల్లలు.

కమిట్ చేసేటప్పుడు (గిట్‌లో మార్పును నమోదు చేసేటప్పుడు) ‘-ఎస్’ మాత్రం మరవకండి. ‘సైన్డ్-ఆఫ్-బై’ అని మీ పేరు చేరుతుంది. ఇది పంపే హక్కు నాకుంది అని చేసే సంతకం అది. 2003లో ఎస్‌సీఓ కంపెనీ లినక్స్ కోడ్ విషయమై కోర్టుకెక్కాక, ఈ పద్ధతి 2004లో మొదలైంది.

ఈసారి సబ్జెక్టులో ‘ప్యాచ్ వీ2’ (రెండో వెర్షన్) అని ఉండాలి. ఏం మారిందో కమిట్ సందేశం తర్వాత వచ్చే మూడు గీతల (---) కింద ఒక ముక్క రాయండి. వారం దాకా ఉలుకూ పలుకూ లేకపోయినా కంగారుపడకండి.