గరికకు గామా కిరణాలు పెట్టించబోతున్న మనవరాలికి

చిరంజీవి బుజ్జికి చిన్నతాతయ్య ఆశీస్సులు.

నువ్వు డాక్టరేట్ పరిశోధనకు గరికను ఎంచుకున్నావనీ, కొత్త రకం పుట్టించడానికి వచ్చే నెలలో తీగలు మూటగట్టుకొని ముంబైలోని ట్రాంబే అణు పరిశోధన కేంద్రానికి వెళ్లి గామా కిరణాలు పెట్టించుకొస్తావనీ నిన్న సాయంత్రం మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఈ మాట నాకు మీ నాన్న చెప్పాలా తల్లీ? ముప్పై ఒక్క ఏళ్లు గడ్డిపరకలు కొలుస్తూ బతికిన ముసలాడు ఇంట్లో ఒకడున్నాడని నీకు గుర్తు రాలేదా? ఆ కోపం రాత్రి భోజనం వరకే నిలిచిందనుకో. తరువాత నిద్ర మాత్రం పట్టలేదు. సంతోషం సగం, భయం సగం.

మీ అమ్మ భయం వేరు, నా భయం వేరు. ఆమెకు కిరణాలంటే భయం. గామా కిరణాలు తగిలినంత మాత్రాన కణుపు రేడియోధార్మికం కాదనీ, దాన్ని మామూలుగా చేత్తో పట్టుకొని నాటవచ్చనీ నువ్వే నెమ్మదిగా చెప్పు. నేను చెబితే ‘మీరూ మీరూ ఒకటే’ అంటుంది. నా భయం ఆ తీగలు, గామా కిరణాలు వెలువడే కోబాల్ట్ పెట్టెలో నుంచి బయటికి వచ్చాక మొదలవుతుంది.

నువ్వు తీసుకున్నది పొలం గట్ల మీది గరిక కాదనీ, ఆట మైదానాల్లో వేసే సంకర గరిక అనీ విన్నాను. ఎంపిక మంచిదే. 36 క్రోమోజోములున్న మన గరికనూ, 18 ఉన్న ఆఫ్రికా గరికనూ కలిపితే పుట్టిన బిడ్డకు 27 వస్తాయి. ఆ బేసి లెక్క వల్ల అది గింజ కట్టదు. గింజే కట్టని మొక్కను మరొకదానితో కలిపి బాగుచేసే దారి లేదు కనుక, అమెరికాలో జార్జియా రాష్ట్రపు టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్, ఆయన సహచరులు కిరణాలతో మొక్కలో మార్పు తెచ్చి, మంచిదాన్ని ఏరుకొనే దారి పట్టారు. 1970 ప్రాంతంలో వాళ్లు నిద్రాణంగా ఉన్న తీగలకు కిరణాలు పెట్టి 158 మార్పు మొక్కలను ఏరితే, వాటిలో నుంచి టిఫ్‌వే-2 అనే రకం బయటికి రావడానికి 1981 దాకా పట్టింది. దాని తీగలకే 1988లో 7,000 రాడ్‌ల కిరణ మోతాదు, అంటే ఇప్పటి కొలతలో 70 గ్రేలు పెట్టి మొదలుపెట్టిన పని టిఫ్‌ఈగిల్ అనే పొట్టి గరికగా విడుదల కావడానికి ఇంచుమించు తొమ్మిదేళ్లయింది. నీ డాక్టరేట్‌కు ఎన్నేళ్లు ఇచ్చారో నేను అడగను; నువ్వే లెక్క వేసుకో.

చిన్న సంగతులు చిన్నగానే చెబుతాను. తీగలను మట్టి లేకుండా కడిగి, తడి గుడ్డలో చుట్టి తీసుకువెళ్లు. ముందు కొద్ది కణుపులతో ఐదారు మోతాదులు పెట్టించి, పెరుగుదల సగానికి పడిపోయే మోతాదు ఏదో చూసుకున్నాకే అసలు పనికి దిగు. కోబాల్ట్-60 అర్ధాయువు 5.27 ఏళ్లే కనుక దాని బలం నెలకు సుమారు ఒక శాతం తగ్గుతూ ఉంటుంది. తీగలను పెట్టెలో ఎన్ని నిమిషాలు ఉంచాలో నిరుడు ఎవరో రాసిపెట్టిన లెక్క ఈ ఏడు చెల్లదు. ఆ రోజు మోతాదు రేటు అడిగి, నీ చేత్తో లెక్కకట్టు.

ఇక నేను ఎవరికీ పూర్తిగా చెప్పని సంగతి. 1986 వానకాలంలో తొమ్మిది ట్రేల కణుపులకు కిరణాలు పెట్టించి నాటాను. ఆరో ట్రే ఎడమ మూలన ఒక్క మొలక మాత్రం నేలకు అతుక్కొని పాకింది. తక్కిన తీగల్లో కణుపుకూ కణుపుకూ మధ్య నా బొటనవేలి గణుపంత దూరముంటే, దానిలో గోరులో సగం కూడా లేదు. ఆకు ముదురాకుపచ్చ, కత్తెర తగలకుండానే కత్తిరించినట్టుంది. పొద్దున్నే టీ కూడా తాగకుండా వెళ్లి దాని పక్కన గొంతుక్కూర్చునేవాణ్ణి. మనసులో దానికి మీ మామ్మ పేరు పెట్టుకున్నాను. ఆమెకు మాత్రం చెప్పలేదు, నవ్వుతుందని.

చేయరాని పని అప్పుడే చేశాను. ఆ తీగ మీది కణుపులన్నిటినీ కలిపి కోసి, నాలుగు ట్రేలు నింపి, మూడు నెలలు తిరగకుండానే ఒక మైదానంలో పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు మడిలో నాటించాను. కొత్త రకం దొరికిందని పైవాళ్లకు నివేదిక కూడా పంపాను. ఆ మైదానం చూసే మాలి, నాకంటే పెద్దవాడు, నెల లోపే అన్నాడు: “అయ్యా, ఇందులో రెండు జాతులున్నాయి. కోస్తే ఒకటి అణిగి ఉంటోంది, ఇంకొకటి లేస్తోంది.” నేను నవ్వి, ఎరువు సమంగా పడలేదని చెప్పి పంపించాను. మరుసటి వానలకు ఆ మడి నిండా విస్తరాకులంత గుండ్రటి మచ్చలు తేలాయి. మచ్చల్లో పాత పొడుగు గరిక, చుట్టూ నా పొట్టిది. ఇంకొక వానకాలానికి పొట్టిది వెతికితే గాని కనిపించలేదు.

తప్పు కిరణాలది కాదు. కణుపులోని మొగ్గ ఒక్క కణం కాదు, ఎన్నో కణాల ముద్ద. కిరణం వాటిలో ఏ ఒక్కదాన్నో మార్చి పక్కవాటిని వదిలేస్తుంది. అందువల్ల మొదటి మొలక ఒకే మొక్కలా కనిపించినా, ఒక పాయ కొత్తదీ ఒక పాయ పాతదీ అయి ఉంటుంది. దాన్ని కైమీరా అంటారని నాకు తెలుసు, పాఠం కూడా చెప్పాను. తెలిసినవాడినే, ముచ్చటపడి మరిచాను. పాతది చురుకు, కొత్తది నిదానం. రెండిటినీ ఒకే మడిలో వదిలితే ఏది మిగులుతుందో చెప్పడానికి చదువు అక్కరలేదు, ఆ మాలి చెప్పనే చెప్పాడు. ఆ గడ్డినంతా గడ్డపారతో తవ్వితీయడానికి అతనికి పదకొండు రోజులు పట్టింది. చివరి రెండు రోజులు నేనూ పట్టాను. ముందే చెప్పానని అతను ఒక్కసారి కూడా అనలేదు. అనుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకని నీకు ఎంత నచ్చిన మొలకైనా సరే, ఒక్కొక్క కణుపును విడిగా కోసి ఒక్కొక్క కుండీలో పెట్టు. అది పెరిగాక మళ్లీ ఒక్కొక్క కణుపు. ఇలా నాలుగు విడతలు గడిచి, ఒక వరుసలోని కుండీలన్నీ ఒకేలా నిలిచినప్పుడు గాని దానికి పేరు పెట్టకు. అసలు పనంతా ఒకే తల్లిమొక్క తీగలతో మొదలుపెట్టు. లేకపోతే ముందు నుంచీ ఉన్న తేడాను కిరణం తెచ్చిన తేడా అనుకుంటావు. ఆ తల్లి తీగల్లోనే కొన్నిటిని కిరణాలు పెట్టకుండా పక్కనే పెంచు. కుండీల మట్టిని ఉడికించు, ఎందుకంటే పెరట్లోని మామూలు గరిక పిలవకుండానే వస్తుంది. చీటీలు మార్కరుతో రాయకు, ఎండకు వెలిసిపోతాయి. పెన్సిలుతో రాసి ఒకటి కుండీ పైన, ఒకటి మట్టిలో పెట్టు. చీటీ పోయిన మొక్క ఎంత అందంగా ఉన్నా పారెయ్యి. ఏడుపు వస్తే ఏడ్చి మరీ పారెయ్యి.

తెగులును కూడా మరవకు. సజ్జ కూడా గడ్డి జాతే కదా. బర్టన్ గారి టిఫ్ట్ 23ఏ అనే సజ్జ రకం తల్లిగా 1965లో మన దేశంలో వచ్చిన హెచ్‌బి-1 సంకరం ఎంత దిగుబడినిచ్చినా, కొన్నేళ్లకే వెర్రికంకి తెగులుకు లొంగిపోయింది. ఢిల్లీలో ఆ తల్లికే గామా కిరణాలు పెట్టి, తెగులును తట్టుకొనే 5071ఏ అనే తల్లిరకాన్ని ఏరి, దానితో ఎన్‌హెచ్‌బి-3 అనే కొత్త సంకరం చేశారు. కొంతకాలానికి తెగులు దాన్నీ పట్టింది. నీ పొట్టి గరికను రెండు వానకాలాలైనా, మందు కొట్టకుండా, తడి నిలిచే మూలన పెట్టి చూడు.

మీ క్షేత్రంలో మాలి ఎవరున్నారో కనుక్కొని, వారానికి ఒకసారి అతన్ని కుండీల వెంట తిప్పి, ఏమన్నా అంటే తేదీ వేసి రాసుకో.

నా నోటుపుస్తకాలు అటక మీద ట్రంకుపెట్టెలో ఉన్నాయి. మూడోదానిలో ఆరో ట్రే లెక్కలున్నాయి. సిగ్గుపడి చింపబోయి, మీ మామ్మ వద్దంటే ఉంచాను. సంక్రాంతికి వచ్చినప్పుడు నిచ్చెన నువ్వే ఎక్కాలి, నా మోకాళ్లు ఒప్పుకోవు.

ఇట్లు,
నీ చిన్నతాతయ్య